అప్పుడే పోబాకండి!

"అప్పుడే పోబాకండి! ఇంకా ఉంది!"

ఈ మాట మా ఊళ్ళో ఇప్పటికీ బతికే ఉంది. బస్సెక్కబోయే చుట్టాన్ని ఆపాలన్నా, విస్తరి ముందు నుంచి లేవబోయేవాళ్ళకి ఇంకో గరిటె వడ్డించాలన్నా నా ఈడువాళ్ళు ఆ మాటే అంటారు. అనేటప్పుడు కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి చూపించి, పళ్ళన్నీ కనపడేట్టు ఒక నవ్వు నవ్వుతారు. పిల్లలు కూడా అట్టనే అంటారు. అది ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళకు తెలీదు. అది మా మేనమామ మాట. 1988 శ్రీరామనవమి పందిట్లో పుట్టింది.

మాది కావలికి తూర్పున, సముద్రం గాలి తగిలే ఊరు. మామ మా అమ్మకు ఆఖరి తమ్ముడు. అవ్వ పోయినాక మా ఇంట్లోనే పెరిగాడు. పదో తరగతి అయ్యాక కావలి ట్రంకు రోడ్డులో రేడియోలు, టీవీలు, మిక్సీలు బాగుచేసే కొట్లో పనికి కుదిరాడు. పొద్దున్నే సద్దన్నం తిని సైకిలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉండేది. దగ్గరికి పోతే సోల్డరింగు పొగ వాసన. ఇప్పటికీ ఏదన్నా రిపేరు కొట్టు ముందునుంచి పోతుంటే నా నడక నెమ్మదిస్తుంది, ఆ వాసన కోసం.

మా వీధికంతా ఒక్కటే టీవీ, కరణంగారింట్లో. 1987 జనవరి 25న రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. ఆడవాళ్ళు తలస్నానాలు చేసి వచ్చేవాళ్ళు. టీవీ పెట్టెకు బొట్టు పెట్టి అగరొత్తులు వెలిగించేవాళ్ళు. చోటు దొరకదని మేం పిల్లలం తొమ్మిదికే పోయి చాప మీద ముందు వరసలో కూచునేవాళ్ళం. అందువల్ల రాముడికన్నా ముందు వచ్చే ప్రకటనలు ఒక్కటీ పోకుండా చూశాం. ఒకదాని వెనక ఒకటి, తెంపు లేకుండా వచ్చేవి. పెద్దవాళ్ళు "ఎప్పటికి అయిపోతాయో ఇవి" అని విసుక్కునేవాళ్ళు. నాకూ మామకూ మాత్రం అవి రామాయణమంత ముఖ్యం.

దాదాపు అన్నీ హిందీలో ఉండేవి. మా వీధిలో హిందీ వచ్చినవాళ్ళు లేరు. హైస్కూల్లో నేర్చుకున్నది పరీక్షతోనే పోయేది. సూళ్ళూరుపేటలో మా అత్తవాళ్ళింట్లో మద్రాసు స్టేషను తగిలేది, సెలవలకు పోతే అక్కడ తమిళంలో చూసేవాళ్ళం. అదీ అంతే. మాట అర్థం కాకపోవడం వల్ల మా కళ్ళు చేతుల మీద, ముఖాల మీద నిలిచిపోయేవి. పెళ్ళాం మీద ప్రేమ ఉన్నవాడు ప్రెస్టీజ్ కుక్కరు వద్దనలేడని చెప్పే ప్రకటన ఒకటి. కొమ్ములూ తోకా ఉన్న ఆకుపచ్చ దెయ్యం వచ్చి, మీ ఒనిడా టీవీని చూసి పక్కింటివాళ్ళు కుళ్ళుకుంటారని చెప్పేది ఇంకోటి. ఉతకడం, జాడించడం, ఆరబెట్టడం అన్నీ తనే చేస్తానని పాట పాడించుకునే వీడియోకాన్ వాషింగ్ మెషిన్. నా చిన్నప్పుడు ఇట్టా ఉండేవాణ్ణి, ఇప్పుడు ముసలాణ్ణయ్యానని పాడే బజాజ్ బల్బులు. వాటిలో ఆడవాళ్ళు ఎప్పుడూ ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఉండేవాళ్ళు. వంటింట్లో పొగ ఉండేది కాదు.

మా అమ్మకు మటుకు ఒక్క లలితాజీ నచ్చింది. సర్ఫ్ ప్రకటనలో తెల్లచీర కట్టుకుని, కూరగాయల దగ్గర ఏరి ఏరి బేరమాడే మనిషి. "ఆ యమ్మ చూడు, మన మాదిరే అడగతా ఉంది" అనేది అమ్మ, ఒక్క మాట అర్థం కాకపోయినా. తక్కువ ధరకు వచ్చిన నిర్మా ఇంటింటికీ చేరిపోతుంటే, ఎక్కువ డబ్బు పెట్టి సర్ఫ్ ఎందుకు కొనాలో చెప్పడానికి ఆ లలితాజీని పుట్టించారని, ఆ వేషం వేసిన ఆమె పేరు కవితా చౌదరి అని పెద్దయ్యాక తెలిసింది. అమ్మకు అవేవీ తెలియకుండానే అసలు సంగతి అందింది: ఆమె లెక్క చూసుకునే ఇల్లాలు.

"మాట తెలీకపోతే మనిషి ముఖం బాగా కనపడుద్ది పాపా" అనేవాడు మామ. కరణంగారింటినుంచి వచ్చేటప్పుడు దోవలోనే మొదలుపెట్టేవాడు. నా పలకను రెండు చేతుల్లో పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, నవ్వు ముఖానికి అతికించుకుని, అర్థం లేని హిందీలాంటి శబ్దాలు చేసేవాడు. అందులో ఒక్క మాట కూడా నిజం హిందీ కాదు. అయినా వింటే అచ్చం టీవీనే. శబ్దం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో, చివర ధర చెప్పేటప్పుడు గొంతు ఎట్టా మెత్తబడుతుందో అంతా పట్టేశాడు.

ఆ విద్యలో సగం టీవీనుంచి వచ్చింది. తక్కిన సగం కొండ బిట్రగుంట తిరునాళ్ళది. బ్రహ్మోత్సవాలప్పుడు అక్కడ నేలమీద గోతం పరిచి, కూరగాయలు తరిగే రేకు పరికరాలు అమ్మేవాళ్ళు వచ్చేవాళ్ళు. ముందర క్యారెట్లు, ముల్లంగి, దోసకాయలు కుప్ప. చెయ్యి ఆగదు, నోరు ఆగదు. క్యారెట్టు పువ్వయ్యేది, దోసకాయ జడయ్యేది. ముల్లంగి దారంలా సాగేది. "ఐదు రూపాయలా? కాదు. నాలుగా? కాదు" అంటూ తగ్గించుకుంటూ వచ్చేవాళ్ళు. జనం కదిలే సమయానికి ఇంకో బిళ్ళ తీసి చూపించేవాళ్ళు. దీంతో పాటు ఇదీ, ఇది కాక ఇంకోటీ. అమ్మ ఒకసారి కొన్నది. ఇంట్లో దాంతో క్యారెట్టు పువ్వు కాలేదు. ముక్కలు కూడా కాలేదు. మామ ఆ రేకుముక్కను మూడు రోజులు చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "పరికరంలో ఏమీ లేదక్కా. అంతా ఆ మనిషి చేతిలో ఉండాది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో ఎగతాళి లేదు. ఒక పనివాడు ఇంకో పనివాడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

1988 నవమికి పందిట్లో పానకం, వడపప్పు పంచడం అయిపోయింది. నాటకం వాళ్ళు రంగు పూసుకుంటా ఉన్నారు, ఇంకా గంట పడుతుందన్నారు. జనం లేచిపోతారని పెద్దలు మామను "ఏదన్నా చెయ్యరా కాసేపు" అన్నారు. అతను ముందే సిద్ధంగా ఉన్నాడని నాకొక్కదానికే తెలుసు.

కొట్లోనుంచి పెద్ద టీవీ వచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చుకుని, ముందువైపు కిటికీలా కోసి పెట్టుకున్నాడు. పక్కన మూడు సోడా మూతలు కుట్టాడు, అవి బటన్లు. పైన వెదురుపుల్లలతో యాంటెన్నా. లోపల మామ, నాన్న పెళ్ళికోటు తొడుక్కుని, అమ్మ పాత చీర అంచు టైలా కట్టుకుని. నా పని బటను తిప్పడం. నేను తిప్పగానే నోటితో గరగరమని చుక్కలు వచ్చే శబ్దం చేశాడు. బొమ్మ రాలేదు. నేను యాంటెన్నా అటూ ఇటూ తిప్పాను. "ఆఁ, ఆఁ, అట్టనే ఉంచు!" అని జనంలోనుంచి ఎవరో అరిచారు. అంతే, పందిరి మాదైపోయింది.

మొదట విసనకర్ర అమ్మాడు. "మూడు స్పీడ్ల ఫ్యాను! ఒకటో స్పీడు మామూలు ఉక్కకు. రెండో స్పీడు కరెంటు పోయినప్పుడు. మూడో స్పీడు కొత్త అల్లుడు అన్నం తినేటప్పుడు!" చెయ్యి మార్చి చూపించి, "రివర్సు కూడా ఉండాది!" అన్నాడు. తరవాత ఊదుగొట్టం. గ్యాసు కోసం పేరు రాసి ఏళ్ళ తరబడి కాచుకునే రోజులవి. "సిలిండరు అక్కర్లేదు, పేరు రాయనక్కర్లేదు, ఎవరికీ సిఫారసు చెప్పించనక్కర్లేదు!" అని గట్టిగా ఊదాడు. చట్టిలో పెట్టిన బూడిద లేచి ముఖమంతా పడింది. నవ్వు చెక్కు చెదరలేదు. బూడిదలోనుంచి పళ్ళు మెరుస్తా ఉన్నాయి. ఆడవాళ్ళ వైపునుంచి ఒక పెద్దావిడ "ఓరి నీ ఇల్లు బంగారం గానూ" అని కళ్ళు తుడుచుకుంది.

జనం కాస్త కదిలారు, అయిపోయిందేమోనని. అప్పుడు వచ్చింది ఆ మాట. చెయ్యి పైకెత్తి, "అప్పుడే పోబాకండి! ఇంకా ఉంది!"

నలుగురు కుర్రాళ్ళు దుప్పటి కప్పిన బరువేదో మోసుకొచ్చి పెట్టారు. దుప్పటి లాగితే మా ఇంటి చిన్న రుబ్బురోలు, పొత్రం. "రాతి మిక్సీ! కరెంటు అక్కర్లేదు! వోల్టేజి పడిపోయినా తిరుగుద్ది! బుష్షు అరగదు, బ్రష్షు మార్చక్కర్లేదు, వైండింగు కాలదు! గ్యారంటీ ఎన్నాళ్ళంటారా? మీ అవ్వ నుంచి మీ మునిమనవరాలి దాకా! దొంగోడు ఎత్తుకుపోడు, ఎత్తలేడు గనక!" సాయంత్రమైతే ట్యూబులైటు వెలగనంతగా వోల్టేజి తగ్గిపోయే ఊరు మాది. ఒక్కొక్క మాటకు పందిరి ఊగింది. చివర నేను పట్టుపావడా కట్టుకుని పెట్టె కిటికీలోకి వచ్చి, రోట్లో వేలు ముంచి, ముందే గిన్నెలో తెచ్చి పోసిన పిండి వేలితో తీసి, కళ్ళు పెద్దవి చేసి, "అబ్బ! ఎంత మెత్తగా ఉందో!" అన్నాను. అదొక్కటే నా మాట. వారం రోజులు అద్దం ముందు అనుకున్నాను.

చాలా ఏళ్ళ తరవాత అమెరికా వాళ్ళ హాస్యం ఒకటి చూశాను. శాటర్డే నైట్ లైవ్ అనే కార్యక్రమంలో, 1976 ఏప్రిల్ 17న డాన్ ఎక్రాయిడ్ చేసినది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూ, ఒక చేపను తీసి అట్టనే మిక్సీలో వేసి తిప్పేస్తాడు. దాని పేరు బాస్-ఓ-మాటిక్. పక్కన ఒకామె ఆ గ్లాసెత్తి తాగి, ఎంత బాగుందోనని మెచ్చుకుంటుంది. చూసి నేను నవ్వలేదు, వెన్ను నిటారుగా పెట్టి కూచున్నాను. ఆమె చెప్పింది నా మాట కదా! అతను ఎగతాళి పట్టించింది వెజ్-ఓ-మాటిక్ అనే కూరగాయలు తరిగే పరికరం ప్రకటనలను. దాన్ని తయారుచేసింది శామ్యూల్ పొపీల్ అనే ఆయన. టీవీలో అమ్మి పేరు తెచ్చుకుంది ఆయన కొడుకు రాన్ పొపీల్. ఆ రాన్ కుర్రతనంలో షికాగోలోని మాక్స్‌వెల్ వీధి సంతలో నిలబడి, కూరగాయలు తరిగి చూపిస్తూ సరుకు అమ్మినవాడట. అంటే అక్కడా మూలం తిరునాళ్ళే. గోతం మీద కూచున్న మనిషి నాలుకే టీవీలోకి ఎక్కింది. కొండ బిట్రగుంటలో మామ పట్టింది, అక్కడ వాళ్ళు పట్టింది ఒకటే.

ఒక తేడా ఉంది. అమ్మకు అది చూపిస్తే నోరు నొక్కుకుని, "మామిడికాయ వేసి పులుసు పెట్టుకోవాల్సిన చేప గదే అది!" అంది. నెల్లూరు జిల్లాలో చేప మీద నవ్వు పుట్టదు. మామ కూడా చేప జోలికి పోయేవాడు కాడు. అతను ఎంచుకున్నవన్నీ ఆడవాళ్ళ చేతుల్లో రోజూ ఉండేవి.

ఆ నవమి రాత్రి ఇంటికొచ్చాక అమ్మ చెప్పిన మాటతోనే ఇదంతా మారింది.

మామ ఇంకా కోటు విప్పలేదు. అందరూ మెచ్చుకున్న వెలుగు ముఖంలో ఉంది. అమ్మ రేపటికి బియ్యం నానబోస్తా ఉంది, మూడు పాళ్ళు బియ్యం, ఒక పాలు మినప్పప్పు. తల ఎత్తకుండానే అంది: "బాగా నవ్వించావురా అబ్బాయ్. నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పులొచ్చినయ్. కాకపోతే నువ్వు రోలు చూపించావు. రుబ్బింది చూపించలా."

ఆ తరవాత చెయ్యి చూపించింది. కోపంగా కాదు, ఏదో అడిగితే చూపించినట్టు. కుడి అరచేతిలో, వేళ్ళ మొదట్లో నాలుగు కాయలు. పచ్చగా, గట్టిగా, చింతగింజల్లా. పొత్రం తిప్పే చోట. ఎడమచేతి వేళ్ళు పిండి తోసి తోసి గోళ్ళ పక్కన తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి.

అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని రోటి ముందు కూచునేది. కుడిచెయ్యి పొత్రాన్ని తిప్పుతుంటే ఎడమచెయ్యి అంచులకు వచ్చిన పిండిని లోపలికి తోసి, మళ్ళీ పొత్రం వచ్చేలోగా వెనక్కి రావాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే వేలు నలిగేది. చూస్తే ఆట మాదిరి ఉండేది. గంటసేపు ఆ ఆట. ఆ శబ్దం వింటూనే నేను పెరిగాను: గుర్రుమని రాయి, మధ్యలో చప్పుక్కుమని పిండి. ఎన్నడూ అది పనని నాకు తోచలేదు. తెల్లవారడంలో ఒక భాగం అనుకునేదాన్ని.

రెండు రోజుల తరవాత తెల్లవారుజామున మెలకువ వచ్చింది. శబ్దం మారింది. ఒకసారి వేగంగా, ఒకసారి ఆగి ఆగి, మధ్యలో "అబ్బా" అని. లేచి చూస్తే రోటి ముందు మామ. అమ్మ గుంజకు ఆనుకుని నిలబడి, "ఎడంచెయ్యి తియ్యి, తియ్యి!" అంటా ఉంది. ఆ ఏడాదంతా కొట్టుకు సెలవున్న రోజుల్లో మామే రుబ్బాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. మొదట్లో పిండి బరకగా వచ్చేది. నాన్న దోసె నోట్లో పెట్టుకుని ఆగి, ఏమీ అనకుండా తినేవాడు.

1989 నవమి. ఊరంతా ఎదురుచూస్తా ఉంది. ఆపాటికి కరణంగారింట్లో మహాభారతం నడుస్తా ఉంది, పక్క ఊళ్ళనుంచి కూడా మామ కోసమే మనుషులు వచ్చారు. అట్టపెట్టె అదే, కోటు అదే. విసనకర్ర, ఊదుగొట్టం రెండు నిమిషాల్లో ముగించేశాడు. రోలు వచ్చింది. ఈసారి చిన్నది కాదు, మా ఇంటి పెద్ద రోలు, ఎడ్లబండి మీద తెచ్చారు. పక్కన నానబెట్టిన బియ్యం, పప్పు.

"కరెంటు అక్కర్లేదు! వోల్టేజి పడిపోయినా తిరుగుద్ది!" అంటూ కూచుని రుబ్బడం మొదలుపెట్టాడు. నవ్వు ముఖానికి అతికే ఉంది. జనం నవ్వారు. అతను ఆపలేదు. అదే మాటలు, అదే వరస, చెయ్యి తిరుగుతానే ఉంది. ఐదు నిమిషాలకు "బుష్షు అరగదు" దగ్గర గుక్క తెగింది. పది నిమిషాలకు కోటు చంకల కింద తడిసింది. నా పని ఈసారి తువ్వాలుతో అతని నుదురు తుడవడం, తుడిచి టీవీలో ఆడవాళ్ళ మాదిరి జనంవైపు తిరిగి నవ్వడం. "గ్యారంటీ... మీ అవ్వ నుంచి..." అని ఊపిరి తీసుకుని "మీ అమ్మ... దాకా..." అన్నాడు. నడుం పట్టుకున్నాడు. నవ్వు మటుకు దిగలేదు.

మగవాళ్ళ వైపు నవ్వు సన్నగిల్లింది. ఆడవాళ్ళ వైపు అప్పుడే మొదలైంది. నేను అటువంటి నవ్వు అంతకుముందు వినలేదు. చిన్నగా, లోపలినుంచి, ఒకరి భుజం మీద ఒకరు పడి. ఎవరికో ఏడుపు కూడా వచ్చింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగిపోయింది. అవ్వ ఒకావిడ లేచి నిలబడి, "అంచులు తోసుకో నాయనా, అంచులు! పిండి ఎండిపోతా ఉంది!" అని అరిచింది.

మగవాళ్ళు లేవబోయారు. మామ ఎడమచెయ్యి, పిండితో ఉన్న చెయ్యి, పైకెత్తాడు. "అప్పుడే పోబాకండి! ఇంకా ఉంది!" రోట్లోకి తొంగిచూశాడు. "సగం కూడా నలగలా!"

వెక్కిరింత అంటే ఇట్టా ఉండాలని నా నమ్మకం. మొదటి ఏడాది నవ్వు తెలివైనది, నేనూ మురిసిపోయాను. కానీ అది టీవీ చెప్పే అబద్ధం మీద ఇంకో అబద్ధం. రెండో ఏడాది అతను అమ్మే వస్తువును నిజంగా వాడి చూపించాడు. ప్రకటనలు ఎప్పుడూ చెయ్యని పని అదొక్కటే.

నాన్న మిక్సీకి మొదటినుంచీ ఎదురు. "మిక్సీలో వేస్తే పిండి వేడెక్కుద్ది, దోసె దోసె మాదిరి ఉండదు" అనేవాడు. అది నిజమే. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది. రాయి నెమ్మదిగా నలుపుతుంది గనక చల్లగా ఉంటుంది. కోయంబత్తూరు వాళ్ళ మోటారు గ్రైండర్లలోనూ రుబ్బేది రాయే. నవమి మర్నాడు తెల్లవారి నాన్న లేచి, అమ్మను లేవొద్దని చెప్పి, తను రోటి ముందు కూచున్నాడు. రెండు రోజులు రుబ్బాడు. మూడో రోజు మామ దగ్గరికి పోయి, "పాత మిక్సీ ఏదన్నా ఉంటే చూడు" అన్నాడు.

మామ కొట్లో ఎవరో కాలిపోయిందని వదిలేసిపోయిన మిక్సీ ఒకటి ఉంది. నెల్లూరు పంపించి ఆర్మేచరు వైండింగు చేయించాడు. కార్బన్ బ్రష్షులు మార్చాడు, కింద బుష్షుకు నూనె పెట్టాడు, అరిగిపోయిన రబ్బరు కప్లరు కొత్తది వేశాడు. అడుగున ఎర్ర బటను చూపించి అమ్మకు నేర్పించాడు: "బరువెక్కువై ఆగిపోతే భయపడబాకక్కా. కాసేపు చల్లారనిచ్చి ఇది నొక్కు." మన పసుపుకొమ్ములకు, మన మినప్పప్పుకు తట్టుకునే మిక్సీ 1960ల్లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు సుమీత్ పేరుతో చేసేదాకా ఇక్కడ సరైనది లేదని తరవాత చదివాను. ఇంట్లో విదేశీ మిక్సీ పాడైతే ఆయన ఆ పనికి పూనుకున్నాడట. చదివినప్పుడు నాకు మామే గుర్తొచ్చాడు. అక్క చెయ్యి చూసి పనికి కూచున్నవాడు.

ఆరు నెలలు అమ్మ నాలుగింటికి లేవలేదు. ఐదున్నరకు లేచింది. ఆ గంటన్నరలో ఏం చేసేదానివని పెద్దయ్యాక అడిగితే, "నిద్రపోయేదాన్ని" అంది, ఎంతో తృప్తిగా.

ఆ నవంబరులో తుఫాను వచ్చింది. థాయిలాండు వైపునుంచి బంగాళాఖాతం దాటి వచ్చి, 8వ తేదీ రాత్రి సరిగ్గా మా కావలి దగ్గరే తీరం ఎక్కింది. 1989 తుఫాను అంటే మా వైపు ఇప్పటికీ వేరే గుర్తు చెప్పక్కర్లేదు. ఆ రాత్రంతా కరణంగారి డాబాలో వీధి వీధంతా కూచున్నాం. గాలి శబ్దం ఇప్పుడు రాయాలన్నా నాకు చేతకాదు. తెల్లవారి చూస్తే కొబ్బరిచెట్ల తలలు లేవు, సరివితోట నేలమీద పడుకుంది, మా పెంకులన్నీ పక్క వీధిలో ఉన్నాయి. ఏ యాంటెన్నా లేదు. కరెంటు స్తంభాలు వరసగా వంగి చేలల్లో పడి ఉన్నాయి.

చాలా రోజులు కరెంటు లేదు. మిక్సీ మట్టినీళ్ళలో దొరికింది. వంటపాక కూలిన చోట కింద రోలు మటుకు ఉన్నచోటే ఉంది. మామ, నాన్న కలిసి తాటాకులూ మట్టీ తీసి, కడిగి పెట్టారు. చాలా ఇళ్ళలో రోళ్ళు అప్పటికే వాడకం తప్పి ఎక్కడో పడి ఉన్నాయి, కొన్ని మట్టిలో కూరుకుపోయాయి. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని మా దొడ్లోకి వచ్చారు. తడిసిన బియ్యం, ఉన్నదేదో రుబ్బుకుని అట్లు పోసుకుందామని. బుడ్డిదీపం ఒకటి. ఎవరూ మాట్లాడటం లేదు. రెండు రోజులుగా ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ చీకట్లో, అంచులు తోసుకోమని అరిచిన ఆ అవ్వే, రోటి మీద చెయ్యేసి, మెల్లగా అంది. "కరెంటు అక్కర్లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అందలేదు. తరవాత ఎవరో "వోల్టేజి పడిపోయినా తిరుగుద్ది" అన్నారు. ఇంకెవరో "దొంగోడు ఎత్తుకుపోడు" అన్నారు. ఇంకొకరు "తుఫాను కూడా ఎత్తుకుపోలా" అన్నారు. నవ్వు మొదలైంది. ఇల్లు పోయినవాళ్ళు నవ్వారు, గొడ్లు పోయినవాళ్ళు నవ్వారు. అందరూ మామవైపు చూశారు, చెయ్యమని. మామ ఏమీ చెయ్యలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని రోటి ముందు కూచున్నాడు. మొదటి గిన్నె అందుకున్నాడు. ఆ రాత్రి ఎన్ని గిన్నెలు రుబ్బాడో నాకు తెలీదు, నేను మధ్యలో నిద్రపోయాను.

కరెంటు వచ్చే లోపల మామ మిక్సీని విప్పి, ముక్కముక్కా మంచినీళ్ళతో కడిగి, ఆర్మేచరును ఎండలో గోనెసంచి మీద పెట్టి రోజూ తిప్పుతా వచ్చాడు, అప్పడాలు తిప్పినట్టు. స్తంభాలు నిలబడ్డాయి. ఒక సాయంత్రం వీధి దీపం వెలిగింది, పిల్లలందరం కేకలు పెట్టాం. మామ మిక్సీ బిగించి, టెస్టరు పెట్టి చూసుకుని, పక్కకు జరిగాడు. "నువ్వెయ్యక్కా."

నాన్న గడపలో, నేను పీటమీద, పక్కింటివాళ్ళు కిటికీ దగ్గర. అమ్మ జారులో నానిన పప్పు వేసి, మూతమీద అరచెయ్యి పెట్టి నొక్కి పట్టుకుంది. అమ్మ పందిట్లో ఎన్నడూ నోరు తెరిచిన మనిషి కాదు. స్విచ్చి వెయ్యబోయి ఆగింది. మా అందరివైపు తిరిగింది. ఆ రెండో చెయ్యి పైకెత్తింది, కాయలు ఇంకా పూర్తిగా పోని ఆ చెయ్యి. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వింది.

"అప్పుడే పోబాకండి!"

స్విచ్చి వేసింది. మిక్సీ తిరిగింది. ఆపినాక మామ ముందుకు వచ్చి, మూత తీసి, వేలు ముంచి, కళ్ళు పెద్దవి చేసి, నా గొంతుతో, నా మాట అన్నాడు.

"అబ్బ! ఎంత మెత్తగా ఉందో!"